చేలో మిగిలిన పంట ఆకలి దాకా చేరాలంటే

ఆరుగాలం కష్టపడి పండించిన పంటను రైతు తన ట్రాక్టరుతోనే దున్నేస్తుంటే చూసినవాళ్లకు కడుపు తరుక్కుపోతుంది. "మాతో ఒక్క మాట చెబితే మేమే వచ్చి కోసుకెళ్లి లేనివాళ్లకు పంచేవాళ్లం కదా" అనిపిస్తుంది. అలా అనిపించినవాళ్లలో కొందరు నిజంగానే చేలల్లోకి దిగారు. అమెరికా, బ్రిటన్, ఇజ్రాయెల్ లాంటి దేశాల్లో కోత అయ్యాక మిగిలిన కూరగాయల్ని, పండ్లని వాలంటీర్లు కోసి, లేనివాళ్లకు ఉచితంగా తిండి సరుకులు పంచే ఫుడ్ బ్యాంకులకు చేర్చే పని ఏళ్ల తరబడి నడుస్తోంది. ఇదీ పరిగె ఏరడమే, అంటే కోత తర్వాత చేలో మిగిలినదాన్ని ఏరుకోవడమే. కాకపోతే ఏరుకునేది తమ కోసం కాదు.

వినడానికి ఇంత సూటిగా ఉన్న పనిలో చిక్కులు చాలానే ఉన్నాయి. రైతు పంటను ఎందుకు వదిలేస్తాడు? వదిలేసినదాని మీద హక్కు ఎవరిది? కోశాక అది ఎన్ని గంటల్లో ఎవరి చేతికి చేరాలి? అంతా చేశాక ఆకలి తగ్గుతుందా? చాలామంది మొదటి ప్రశ్న దగ్గరే పొరబడతారు కాబట్టి అక్కడే మొదలుపెట్టాలి.

పంట వదిలేయడం నిర్లక్ష్యం కాదు, బలిసిన తనం అంతకన్నా కాదు. విత్తనానికీ నీళ్లకీ ఎరువుకీ పెట్టిన డబ్బు కోత నాటికి ఎలాగూ ఖర్చయిపోయి ఉంటుంది. ఇక రైతు చూసుకునే లెక్క ఒక్కటే. ఇప్పుడు కూలీలను పెట్టి కోయించి, గ్రేడింగ్ చేయించి, పెట్టెల్లో సర్ది, లారీకెత్తడానికి అయ్యే ఖర్చు మార్కెట్లో పలికే ధర కంటే ఎక్కువా, తక్కువా? ఎక్కువైతే కోసిన ప్రతి పెట్టెకీ నష్టం పెరుగుతుంది. అలాంటప్పుడు కోయకపోవడమే రైతుకు మిగిలిన తెలివైన దారి.

ఈ పరిస్థితి రావడానికి కారణాలు బోలెడు. పెద్ద కొనుగోలుదారుతో ఇంత సరుకిస్తానని ఒప్పుకున్న రైతు వానకో చీడకో కొంత పోతుందని ముందే కాస్త ఎక్కువ వేస్తాడు. ఏమీ పోకపోతే ఆ ఎక్కువంతా మిగులే. ఎండలు ఒక్కసారిగా ముదిరితే విడతలు విడతలుగా రావలసిన కాపు ఒకే వారంలో మీద పడుతుంది. అందరి చేలల్లోనూ అలాగే జరుగుతుంది కాబట్టి ధర పడిపోతుంది. కొనేవాడు చివరి నిమిషంలో ఆర్డరు తగ్గిస్తాడు. కోత యంత్రం చిన్న దుంపల్ని జారవిడుస్తుంది. చేత్తో కోసే పంటల్లో మొదటి రెండు కోతల తర్వాత మూడోసారి మనుషుల్ని దింపితే గిట్టదు.

ఇంకో పెద్ద కారణం ఆకారం. వంకర పోయిన కీరదోస, రెండు కాళ్ల క్యారెట్, మచ్చపడిన యాపిల్. రుచిలో లోటు లేదు, పోషకాల్లో లోటు లేదు, అయినా పెట్టె దాకా రావు. యూరోపియన్ యూనియన్ 2009 జూలైలో 26 రకాల పండ్లు, కూరగాయల మీద ఉన్న ఆకారం, పరిమాణం నిబంధనల్ని ఎత్తేసింది. దాంతో సమస్య తీరిపోతుందని చాలామంది అనుకున్నారు. తీరలేదు. ఎక్కువగా అమ్ముడుపోయే మరో 10 రకాలకు నిబంధనలు అలాగే ఉన్నాయి. పైగా సూపర్‌మార్కెట్లు తమ సొంత కొలతల్ని వదులుకోలేదు. చట్టం కంటే కొనుగోలు ఒప్పందానికే పట్టు ఎక్కువని అక్కడ తేలింది.

ఇలా మిగిలేది ఎంత? ఉత్తర, మధ్య కాలిఫోర్నియాలో చేత్తో కోసే 20 రకాల పంటల్ని 123 మళ్లలో కొలిచిన ఒక అధ్యయనం 2019లో వచ్చింది. మార్కెట్‌కు వెళ్లిన దిగుబడిలో సుమారు 31 శాతానికి సమానమైన సరుకు చేలోనే ఉండిపోయిందని అందులో తేలింది. ప్రపంచం మొత్తానికి లెక్క కట్టడం ఇంకా కష్టం. అందుకు కారణం చాలామంది గమనించనిది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 2019లో చెప్పిన అంకె ప్రకారం పండినదాంట్లో విలువ లెక్కన దాదాపు 14 శాతం చిల్లర దుకాణానికి చేరేలోపే పోతోంది. ఆ లెక్క మొదలయ్యేది కోత తర్వాత. అసలు కోయకుండా వదిలేసినది అందులో లేనే లేదు. ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్, బ్రిటన్ సూపర్‌మార్కెట్ టెస్కో కలిసి 2021లో విడుదల చేసిన నివేదిక మాత్రం కోతకు ముందూ వెనకా పొలంలోనే పోయేది ఏటా 120 కోట్ల టన్నులు, అంటే పండినదాంట్లో సుమారు 15 శాతం ఉంటుందని అంచనా వేసింది. లెక్కలోకే రాని నష్టానికి పరిష్కారం వెతకాలని ప్రభుత్వాలకు ఎందుకు తడుతుంది?

దున్నేసిన పంట పూర్తిగా వృథా కాదని రైతులు అంటారు. అది నిజమే. ఆకూ కాయా మట్టిలో కలిసి తర్వాతి పంటకు సత్తువవుతాయి. కానీ దాన్ని పండించడానికి తోడిన నీరు, కాల్చిన డీజిల్, వంగిన నడుములు మట్టిలోంచి తిరిగి రావు. మట్టికి సత్తువ కావాలంటే పచ్చిరొట్ట వేయవచ్చు, మనిషి తినే కూరగాయే అక్కర్లేదు.

హక్కు నుంచి దానం దాకా

ఇప్పుడు మనం చూస్తున్న వాలంటీర్ల పనికీ పాతకాలపు పరిగెకూ మధ్య చాలా పెద్ద తేడా ఉంది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నన్నడిగితే ఈ వ్యవహారం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం అదే.

పరిగె ఒకప్పుడు పేదవాడి హక్కు. యూదుల ధర్మశాస్త్రం ఈ విషయంలో ఎంత వివరంగా మాట్లాడుతుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. చేను అంచుల దాకా కోయవద్దు, రాలిన కంకుల్ని ఏరుకోవద్దు, మరిచిపోయిన పన కోసం వెనక్కి వెళ్లవద్దు, అవి పేదలవీ పరదేశులవీ అని బైబిల్లోని లేవీయకాండం, ద్వితీయోపదేశకాండం చెబుతాయి. తర్వాతి కాలంలో యూదు పండితులు కూర్చిన మిష్నా అనే ధర్మగ్రంథం ఇంకా లోతుకు వెళ్లింది. చేను మూల వదలాల్సింది కనీసం అరవయ్యో వంతు అంది. ఒకచోట రెండు కంకులు రాలితే పేదవాడివి, మూడైతే రైతువి అని కూడా తేల్చింది. దయతో ఇచ్చేదాన్ని ఎవరూ ఇంత నిక్కచ్చిగా కొలవరు. ఇలా కొలిచేది హక్కునే. బైబిలు కథలో విధవరాలైన రూతు బోయజు అనే రైతు పొలంలో ఏరుకున్నది ఆ హక్కు మీదే. ఆమెను కసురుకోవద్దని అతను పనివాళ్లకు చెప్పడం మాత్రం అతని మంచితనం.

మన మహాభారతంలోనూ పరిగె ఉంది. అశ్వమేధ పర్వంలో సగం ఒళ్లు బంగారమైన ముంగిస చెప్పే కథలో కురుక్షేత్రపు బ్రాహ్మణ కుటుంబం బతికింది ఉంఛవృత్తితోనే, అంటే చేలల్లో రాలిన గింజలు ఏరుకోవడంతోనే. ఫ్రాన్సులో రెండో హెన్రీ రాజు 1554లో ఒక శాసనం చేశాడు. ముసలివాళ్లు, అవయవాలు సరిగా లేనివాళ్లు, చిన్నపిల్లలు, కోత పని చేసే ఓపిక లేనివాళ్లు కోత ముగిసిన చేలల్లో ఏరుకోవచ్చని దాని సారాంశం.

ఇంగ్లండులో ఈ హక్కు కోర్టుకెక్కింది. సఫోక్ జిల్లా టిమ్‌వర్త్‌లో మేరీ హూటన్ అనే ఆమె ఒక భూస్వామి చేలో పరిగె ఏరినందుకు ఆయన దావా వేశాడు. స్టీల్ వర్సెస్ హూటన్‌గా పేరుపడిన ఆ కేసులో 1788లో తీర్పు వచ్చింది. పరిగె ఏరుకోవడం ఆచారమే తప్ప దేశం మొత్తానికీ వర్తించే హక్కు కాదని న్యాయమూర్తుల్లో ఎక్కువమంది తేల్చారు. జస్టిస్ గూల్డ్ ఒక్కరే ఒప్పుకోలేదు. తీర్పు వచ్చినా పల్లెల్లో ఆడవాళ్లూ పిల్లలూ దాదాపు మరో వందేళ్లు ఏరుతూనే వచ్చారు. చాలా ఊళ్లలో పొద్దున్నే గంట కొట్టాకే చేలోకి దిగాలి, సాయంత్రం గంటకు బయటికి రావాలి. ముందెళ్లినవాళ్లు అంతా ఊడ్చుకుపోకుండా పసిపిల్లల తల్లులకూ ముసలివాళ్లకూ సమానంగా దక్కడానికి పెట్టుకున్న కట్టుబాటు అది. తర్వాత కోత యంత్రాలు వచ్చాయి, కంకులు రాలడం తగ్గింది, పరిగె తనంతట తానే సన్నగిల్లింది.

అది మళ్లీ తలెత్తినప్పుడు మనుషులు మారిపోయారు. అమెరికాలో ఇద్దరు మెథడిస్టు పాస్టర్లు 1979లో వర్జీనియాలో మొదలుపెట్టిన సొసైటీ ఆఫ్ సెయింట్ ఆండ్రూ 1983 నుంచి బంగాళాదుంపలతో ఈ పనికి దిగింది. ఇజ్రాయెల్‌లో లెకెట్ సంస్థ 2003లో, బ్రిటన్‌లో గ్లీనింగ్ నెట్‌వర్క్ 2012లో వచ్చాయి. ఇప్పుడు చేలోకి దిగేది ఎక్కువగా తిండికి లోటు లేనివాళ్లు. ఆకలిగొన్నవాళ్లు ఎక్కడో వరుసలో నిలబడి ఒక సంచీ అందుకుంటారు. వెనకటికి పేదరాలు తనకు కావలసింది తనే ఎంచుకుని తన ఒడిలో వేసుకునేది. ఇప్పుడు ఏం దొరుకుతుందో, ఎప్పుడు దొరుకుతుందో ఇంకొకరు నిర్ణయిస్తారు. వాలంటీర్ల మంచి మనసును నేను శంకించడం లేదు. కానీ ఈ మార్పులో పోయింది చిన్నదేం కాదు. దాన్ని గుర్తుపెట్టుకున్న సంస్థలు తిండి అందుకునేవాళ్లనే చేలోకీ నిర్వహణలోకీ ఆహ్వానిస్తాయి, ఏ కూరగాయలు కావాలో ముందే అడుగుతాయి. నాకు అలాంటి సంస్థల మీదే ఎక్కువ గురి.

చేలో దిగాక

బయటినుంచి చూసేవాళ్లకు కష్టమంతా కోయడంలోనే ఉందనిపిస్తుంది. నిజానికి కోత ఒక్క పూట పని. దానికి ముందూ వెనకా ఉండేదే అసలు పని.

రైతు నుంచి కబురు సాధారణంగా రెండు మూడు రోజుల ముందే వస్తుంది, ఒక్కోసారి ముందు రోజే. ఎందుకంటే ఆ మడిని మార్కెట్‌కు కోయాలా వద్దా అన్నది ఆయనకూ అప్పుడే తేలుతుంది. సమన్వయకర్త మొదట అడగాల్సింది పంట గురించి కూడా కాదు, పురుగుమందు గురించి. చివరిసారి మందు ఎప్పుడు కొట్టారు? మనుషులు చేలోకి దిగడానికి ఒక గడువు ఉంటుంది, ఆ పంటను కోయడానికి ఇంకో గడువు ఉంటుంది. మందును బట్టి అవి కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల దాకా మారతాయి. రెండూ దాటాకే వాలంటీర్ల కాలు చేలో పడాలి. ఇందులో మొహమాటానికి తావు లేదు.

పని తెల్లవారుజామున మొదలుకావాలి. కోసిన తర్వాత కూడా కూరగాయ శ్వాసిస్తూనే ఉంటుంది, తనలో దాచుకున్నదాన్ని తనే ఖర్చు పెట్టుకుంటూ ఉంటుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆ వేగం రెండు మూడు రెట్లవుతుంది. మధ్యాహ్నం ఎండలో కోసి టార్పాలిన్ కింద కుప్ప పోసిన ఆకుకూర సాయంత్రానికి వడలిపోవడం అందుకే. అలాగని అన్నిటినీ చల్లటి గదిలోకి తోసేయడమూ తప్పే. టమాటా, కీరదోస బాగా చలిలో పెడితే పాడవుతాయి.

క్యాబేజీ కోత చూస్తే ఈ పనిలో చేతికి ఎంత అలవాటు కావాలో తెలుస్తుంది. ముందు బొటనవేలితో నొక్కి చూస్తారు. గట్టిగా ఉంటే కోతకు వచ్చినట్టు, మెత్తగా లోపలికి పోతే వదిలేయాలి. ఒక చేత్తో గడ్డను పక్కకు వంచి, మొదలు దగ్గర కత్తి ఆనించి ఒక్క వేటుతో కోస్తారు. కొత్తవాళ్లు పై ఆకులన్నీ ఒలిచేసి తెల్లగా, శుభ్రంగా కనిపించేలా చేస్తారు. అది మంచిది కాదు. రెండు మూడు ముదురాకులు ఉంచాలి. పెట్టెలో ఒకదానికొకటి రాసుకున్నా, లారీలో కుదుపులు తగిలినా ఆ దెబ్బ కాచుకునేవి ఆ ఆకులే. బంగాళాదుంపలదైతే వేరే చూపు. యంత్రం తవ్వుకుపోయాక మట్టిలో మిగిలిన వాటిలో చిన్నవైనా ఫరవాలేదు, కానీ పచ్చబడినవి తీసుకోకూడదు. వెలుతురు తగిలి పచ్చబడిన దుంపలో సోలనిన్ అనే విషపదార్థం పెరుగుతుంది. యంత్రపు పళ్లు తగిలి తెగినదాన్నీ పక్కన పెట్టాలి. బస్తాలో అలాంటిది ఒక్కటి పడితే చుట్టూ ఉన్నవన్నీ కుళ్లుతాయి.

పండ్ల విషయంలో పాత పద్ధతి పూర్తిగా తలకిందులైంది. ఒకప్పుడు రాలినదే పేదవాడిది. ఇప్పుడు నేల రాలిన పండును ముట్టుకోకూడదు. పడినప్పుడు తగిలిన గాయంలోంచి మట్టిలోని, పశువుల పేడలోని క్రిములు లోపలికి పోతాయి. అందుకే అమెరికా ఆహార భద్రత నిబంధనలు రాలిన పండును పచ్చిగా తినే సరుకుగా పంచవద్దంటాయి. వాలంటీరు కోసేది చెట్టు మీద మిగిలినదాన్ని మాత్రమే. వాంతులు, విరేచనాలు తగ్గి రెండు రోజులైనా కానివాళ్లు ఆ పూట ఇంట్లో ఉండడమే సేవ.

ఎవరి వంటింటికి?

సంస్థలు తమ పనిని కిలోల్లో చెప్పుకుంటాయి. ఇన్ని వేల కిలోలు కాపాడాం అని. ఆ అంకెకు నేను పెద్ద విలువ ఇవ్వలేను. ఒక మడి గుమ్మడికాయలు ఒక మడి పాలకూర కంటే ఎన్నో రెట్లు తూగుతాయి. కానీ వాటిలో ఎన్ని వండారు, ఎన్ని చెత్తబుట్టలో పడ్డాయి అన్నది కిలోల్లో కనిపించదు. చేలో కుళ్లాల్సింది ఫుడ్ బ్యాంకు వెనక గదిలో కుళ్లితే కాపాడినట్టు కాదు. మనుషుల శ్రమా లారీ డీజిలూ అదనంగా పోయినట్టు. పైగా అక్కడ చెత్త ఎత్తించే ఖర్చు ఫుడ్ బ్యాంకు నెత్తిన పడుతుంది.

అందుకే తినేవాళ్లు ఎవరో తేలాకే కోతకు దిగాలి. తీసుకునే కేంద్రానికి చల్లటి గది ఉందా? పంపిణీ ఏ రోజు? ఆ ఇళ్లలో పొయ్యి ఉందా, కత్తి ఉందా, వండే తీరిక ఉందా? తాత్కాలిక వసతిలో ఒక్క గదిలో ఉండే కుటుంబానికి పది కిలోల క్యాబేజీ భారమే. అలాంటిచోట వంటశాల నడిపే సంస్థకు ఇచ్చి, వండిన భోజనంగా పంపడం మేలు. దుంపలు, క్యారెట్లు, గుమ్మడి, ఉల్లి నిలవ ఉంటాయి కాబట్టి కొత్తగా మొదలుపెట్టే బృందానికి అవే నయం. స్ట్రాబెర్రీలు, లేత ఆకుకూరలు చేయి తిరిగినవాళ్లకు వదలాలి.

రైతు వైపు నుంచి పెద్ద భయం కేసులు. తన చేలో ఎవరైనా జారిపడితే, ఇచ్చిన సరుకు తిని ఎవరికైనా జబ్బు చేస్తే? అమెరికాలో 1996 నాటి బిల్ ఎమర్సన్ చట్టం ఈ భయాన్ని చాలావరకు తీసేసింది. మంచి ఉద్దేశంతో ఇచ్చిన రైతుకూ, దాన్ని కోసి పంచిన సంస్థకూ రక్షణ కల్పించింది. తీవ్రమైన నిర్లక్ష్యం, ఉద్దేశపూర్వక తప్పు ఉంటే తప్ప బాధ్యత పడదు. పొలంలో వాలంటీరుకు దెబ్బ తగిలినా ఇదే సూత్రం. 2015లో అక్కడి పన్ను చట్టంలో వచ్చిన మార్పుతో దానమిచ్చిన పంటకు చిన్న రైతు కూడా పన్ను మినహాయింపు పొందగలుగుతున్నాడు. ఇలాంటి చట్టం లేనిచోట రైతు గేటు తీయడానికి వెనకాడితే తప్పుపట్టలేం.

ఊరికే చేయాలా, కూలి ఇచ్చి చేయించాలా

మళ్లీ మొదటి లెక్కకు వద్దాం. పంట మిగిలింది కోత కూలి గిట్టక. వాలంటీరు చేసేదల్లా ఆ కూలి ఖర్చును సున్నా చేయడం. మరి ఆ కూలే ఎవరైనా ఇస్తే? కాలిఫోర్నియాలో ఫుడ్ బ్యాంకులు రైతుకు కోత, ప్యాకింగ్ ఖర్చు మాత్రం చెల్లించి పక్కన పెట్టిన సరుకు తీసుకునే పద్ధతి ఉంది. మార్కెట్‌కు కోసేటప్పుడే అదే కూలీలు రెండో రకాన్ని వేరే పెట్టెలో వేస్తారు. అమెరికా 2018 వ్యవసాయ చట్టంలోనూ ఇలాంటి పథకాలకు నిధులు పెట్టారు. పరిమాణం దృష్ట్యా చూస్తే ఇదే మెరుగని నా అభిప్రాయం. చేయి తిరిగిన కూలీ ఒక గంటలో కోసేది కొత్త వాలంటీర్లు పూటంతా కోసినా రాకపోవచ్చు. పైగా పంట కోసే కూలీల ఇళ్లలోనే తిండికి కటకట ఉండడం చాలా దేశాల్లో తెలిసిన సంగతే. వాళ్లకు మరిన్ని పనిగంటలు దొరికితే అది కూడా ఆకలి తీర్చడమే.

అలాగని వాలంటీర్లు దండగ అనను. రెండెకరాల తోటలో ఇరవై చెట్లకు మిగిలిన కాయల కోసం ఏ పథకమూ రాదు. ఇళ్ల పెరళ్లలో రాలిపోయే పండ్లకు, చిన్న మళ్ల చివరి కోతకు, రేపే దున్నబోతున్న చేనుకు వాలంటీర్లే దిక్కు. పని ఇస్తానన్న చోట కూలీని తప్పించి ఉచితంగా మనుషుల్ని దింపడం మాత్రం ఎప్పుడూ తప్పే. రైతు ఎలాగూ కోయించనని తేల్చుకున్నాకే బృందం దిగాలి.

ఇంతా చేస్తే ఆకలి పోతుందా? పోదు. ఐక్యరాజ్యసమితి సంస్థల 2025 నివేదిక ప్రకారం 2024లో ప్రపంచంలో సుమారు 67.3 కోట్ల మంది ఆకలితో ఉన్నారు, 260 కోట్ల మందికి పోషకాలున్న తిండి కొనే స్తోమత లేదు. తిండి లేక కాదు, కొనలేక. ధాన్యం ఉన్నా అది దక్కే దారి మూసుకుపోయినందుకే జనం కరువుల్లో చచ్చిపోయారని అమర్త్య సేన్ 1981లోనే చూపించారు. వేతనం, పింఛను, రేషన్ లాంటివి చేయాల్సిన పనిని ఒక గంప క్యాబేజీ చేయలేదు. దాన్ని చూపించి ప్రభుత్వాలు చేతులు దులుపుకుంటే అది పేదలకు అన్యాయం, వాలంటీర్ల కష్టానికీ అవమానం. అయితే చాలా ఫుడ్ బ్యాంకులకు వచ్చేవాటిలో ఎక్కువగా డబ్బాలు, ప్యాకెట్లే ఉంటాయి. అక్కడ తక్కువగా దొరికేది తాజా కూర. ఆ ఖాళీని నింపడంలో పరిగెకు సాటి లేదు.

చేరాలనుకునేవాళ్లు ముందు ఒక ఫుడ్ బ్యాంకుకు వెళ్లి ఏది తక్కువగా ఉందో అడగడం మంచిది, రైతు దగ్గరికి ఆ తర్వాత. గంపలు, కత్తులు చాలాచోట్ల సంస్థే ఇస్తుంది. నిండు చేతుల చొక్కా, గట్టి బూట్లు, టోపీ, తాగే నీళ్లు మన బాధ్యత. ఆదివారం కోతకు మనుషులకు కొదవ ఉండదు. పంట మాత్రం వారం చూసి పండదు. ఈ బృందాలకు ఎప్పుడూ కొరతగా ఉండేది మామూలు రోజు పొద్దున్నే రాగలిగినవాళ్లు, చిన్న వ్యాను నడపగలిగినవాళ్లు, రైతుల ఫోన్లు ఎత్తి రాత్రికి రాత్రి పదిమందిని పోగుచేయగలిగినవాళ్లు. నడుం వంగనివాళ్లు కూడా ఈ మూడో పని చేయవచ్చు.